పొల్యూషన్ బండి చూడని తేనెపట్టు

నగరంలో ఏ పెట్రోలు బంకు దగ్గర చూసినా పొల్యూషన్ బండి ఒకటి ఆగి ఉంటుంది. కారు ఆపగానే సైలెన్సర్ గొట్టంలో చిన్న పైపు పెడతారు, నంబరు ప్లేటు ఫొటో తీస్తారు, కాగితం చేతికిస్తారు. కొద్ది నిమిషాల పని. ఆ కాగితం గడువు తీరేదాకా మన కారు వల్ల ఎవరి ఊపిరికీ హాని లేదన్న ధీమాతో తిరుగుతాం. ఆ ధీమాకు ఆధారం చాలా పలచనిదన్నదే ఇక్కడ నా వాదన. పెట్రోలు కారు పొగలోని విషాన్ని విరిచేది కాగితం కాదు. ఇంజనుకు ఆనుకునో, కారు అడుగునో రేకు డొల్లలో దాగి ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ పని చేస్తుంది. అది పనిచేస్తోందా, చచ్చిపోయిందా, అసలు దాని చోట అది ఉందా అని మన తనిఖీ వ్యవస్థ అడగడం లేదు. అడగాలి. అది పాడైనప్పుడు మార్చడాన్ని యజమానికీ మెకానిక్‌కీ మధ్య సొంత వ్యవహారంగా వదిలేయకూడదు. ఊరందరూ పీల్చే గాలికి సంబంధించిన పనిగా చూడాలి.

ఈ మాట ఏ ఊరి నుంచైనా అనవచ్చు. హైదరాబాద్‌లోని తార్నాక, లాలాపేట్ పరిసరాలకు మాత్రం దీన్ని అనే అర్హత మరింత ఉంది. ఒక పక్క 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. పొద్దున్నే వందలమంది నడకకు వచ్చే చెట్ల దారులు అక్కడివే, ఉద్యోగ పరీక్షల కోసం ఏళ్ల తరబడి పుస్తకాలు ముందేసుకుని కూర్చునే పిల్లలూ అక్కడివాళ్లే. ఇంకో పక్క ఉప్పల్ రోడ్డు మీద భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ. 1944లో నిజాం రాజ్యంలో కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అయి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. పాతవాళ్ల నోట ఇప్పటికీ అది ఆర్‌ఆర్‌ఎల్లే. ఉత్ప్రేరకాల మీద పరిశోధన ఈ సంస్థకు తరతరాల విద్య. కన్వర్టర్ లోపల ఆక్సిజన్‌ను దాచి, అవసరానికి వదిలే సీరియా-జిర్కోనియా పదార్థాల మీద ఇక్కడ పనిచేసిన శాస్త్రవేత్త బెంజారం మహీపాల్ రెడ్డి బృందం రాసిన పత్రాలు ఆ రంగంలో పనిచేసేవాళ్లకు పరిచితమే. ఈ రెండు విద్యా సంస్థల చుట్టూ ఉప్పల్, సికింద్రాబాద్, మౌలాలి వైపు పోయే బళ్లు పొద్దుటి నుంచి రాత్రిదాకా పొగ వదులుతూనే ఉంటాయి. విషాన్ని విరిచే విద్య ప్రహరీకి లోపల ఉంది, విషం ప్రహరీకి బయట రోడ్డు మీద ఉంది. ఈ రెంటినీ కలిపే తనిఖీ మధ్యలో లేకుండా పోయింది.

కన్వర్టర్ ఏం చేస్తుందో తెలిస్తేనే మిగతా వాదన బోధపడుతుంది. పెట్రోలు ఇంజనులో మండగా మిగిలే వాయువుల్లో మూడింటితో పేచీ. పెట్రోలు పూర్తిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. మండకుండానే బయటపడిన పెట్రోలు ఆవిరి హైడ్రోకార్బన్లుగా వస్తుంది. ఇంజను లోపలి వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మొదటి రెండింటికీ ఆక్సిజన్ అందించాలి, మూడోదాని నుంచి ఆక్సిజన్ లాగేయాలి. ఒకే గదిలో ఒకరికి పెట్టడం, ఒకరి దగ్గర లాక్కోవడం రెండూ జరగాలన్నమాట. ఆ గది సిరామిక్‌తో చేసిన తేనెపట్టు. చదరపు అంగుళానికి నాలుగు వందల సన్నని గదులు, వాటి గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ప్లాటినం, పలేడియం, రోడియం. మొత్తం కలిపినా కొద్ది గ్రాములే. పొగ ఆ గదుల గుండా దూసుకుపోయే లిప్తపాటులో ప్లాటినం, పలేడియం మోనాక్సైడ్‌నీ హైడ్రోకార్బన్లనీ బొగ్గుపులుసు గాలిగా, నీటి ఆవిరిగా మారుస్తాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టి మామూలు నత్రజనిని వదులుతుంది. ఆ లోహాలు తాము మాత్రం ఖర్చు కావు. వేడెక్కి, సరిగ్గా పనిచేస్తున్న కన్వర్టర్ ఈ మూడు విషాల్లోనూ నూటికి తొంభై పాళ్లకు పైగా విరిచేస్తుంది. బొగ్గుపులుసు గాలిని మాత్రం అది ఏమీ చేయలేదు. భూమి వేడెక్కడానికి ఇది మందు కాదు, మన వీధిలో ఊపిరి పీల్చుకోవడానికే మందు.

ఇంత పనీ ఒక సన్నటి దారం మీద నడుస్తుంది. కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి అందినప్పుడే ఆ ఇచ్చిపుచ్చుకోవడం సరిపోతుంది. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పించుకుంటాయి, పెట్రోలు ఎక్కువైతే మోనాక్సైడ్ తప్పించుకుంటుంది. అందుకే కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్ కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో క్షణక్షణం కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ దాన్ని బట్టి పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిపినప్పుడు ఈ లెక్క కొంచెం కిందికి జరుగుతుంది, ఆ సర్దుబాటు కూడా ఆ సెన్సర్ చలవే. ఈ ఊగిసలాటలో ఎక్కువ తక్కువల్ని భరించేందుకే సీరియా-జిర్కోనియా ఉంది. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు మింగుతుంది, తక్కువైనప్పుడు కక్కుతుంది. కన్వర్టర్ వెనకాల రెండో సెన్సర్ ఉంటుంది. దాని పని కాపలా. ముందు సెన్సర్ ఎగిరెగిరి పడుతుంటే వెనక సెన్సర్ నిదానంగా ఉండాలి. అదీ ముందుదానితో పాటే ఎగరడం మొదలుపెడితే ఆక్సిజన్‌ను దాచుకునే శక్తి లోపల సన్నగిల్లిందని అర్థం. ఈ కాపలాదారు సంగతి మళ్లీ వస్తుంది, నా వాదన ప్రధానంగా దాని మీదే ఆధారపడింది.

ఈ పరికరం మనకు చేసిన ఒక ఉపకారాన్ని చాలామంది మరిచిపోయారు. అమెరికా 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం ఒత్తిడితో 1975 మోడల్ కార్లకు కన్వర్టర్లు వచ్చాయి. పెట్రోలులో కలిపే సీసం ఆ తేనెపట్టు గోడలకు అట్టకట్టి లోహాలను చంపేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ ఉండాలన్నారు, ఆ నగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మారు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యాల్లో సుప్రీంకోర్టు పట్టుబట్టి వెంటపడటం దాని వెనక ఉంది. ఆ మొదటి జాబితాలో హైదరాబాద్ లేదు. 2000 ఫిబ్రవరికి దేశమంతా సీసం లేని పెట్రోలే మిగిలింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల మెదడుకు పెట్రోలు సీసం పీడ విరగడవడంలో ఈ రేకు డొల్లకు పెద్ద వాటా ఉంది. 2005లో భారత్ స్టేజ్-3 పొగ ప్రమాణాలు, 2010లో స్టేజ్-4 అమలైన మొదటి నగరాల్లో హైదరాబాద్ ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా స్టేజ్-6, గంధకం పది పీపీఎంకు తగ్గిన పెట్రోలు. తయారీ వైపు మనం ఇరవై ఐదేళ్లలో చాలా దూరం వచ్చాం. కారు షోరూం గడప దాటిన తర్వాత మాత్రం ఆ శ్రద్ధ ఆగిపోతోంది.

గడప దాటాక కన్వర్టర్‌కు ఎదురయ్యేవి చిన్న గండాలు కావు. మొదటిది మన అలవాటే. తేనెపట్టు సుమారు 250 నుంచి 300 డిగ్రీలకు వేడెక్కేదాకా పనిలోకి దిగదు. లాలాపేట్ నుంచి తార్నాకకు పిల్లల్ని బడిలో దింపడానికి, హబ్సిగూడలో కూరగాయలకు తీసే కారు ఆ వేడి అందుకునేలోపే గమ్యం చేరుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో వదిలే పొగ దాదాపు కన్వర్టర్ లేని కారు పొగతో సమానం. కిలోమీటరున్నర దూరానికి కారు తీయకపోవడమే అక్కడ మెరుగైన ఉత్ప్రేరకం. రెండో గండం ఇంజను మిస్సింగ్. స్పార్క్ ప్లగ్గో కాయిలో పాడై ఒక సిలిండరు మండటం మానేస్తే, మండని పెట్రోలు నేరుగా వచ్చి వేడి తేనెపట్టులో మండుతుంది. సిరామిక్ కరిగి ముద్దయ్యేంత వేడి అక్కడ పుడుతుంది. కొన్ని వందల రూపాయల ప్లగ్గు మార్చకుండా నెలలపాటు నెట్టుకొచ్చిన కారు చివరికి వేల రూపాయల కన్వర్టర్‌ను తినేస్తుంది. మూడోది ఇంజను ఆయిల్ తాగడం. ఆయిల్లో కలిపే ఫాస్ఫరస్, జింకు మందులు పొగతో వచ్చి లోహాల మీద పొరకడతాయి. పెట్రోలులో కిరోసిన్ కల్తీ, గ్యాస్కెట్‌కు అవసరం లేని చోట పూసే సిలికాన్ బంక, ఎత్తైన స్పీడ్‌బ్రేకరుకు తగిలిన దెబ్బ, ఇవన్నీ దాని ఆయుష్షు తినేవే. వరద కూడా. 2020 అక్టోబరులో ఉప్పల్, హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు చెరువులైనప్పుడు జరిగినట్టు, కణకణలాడే కన్వర్టర్‌తో కారు నీళ్లలోకి దిగితే సిరామిక్ పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

ఇన్ని గండాలున్న పరికరాన్ని మన పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా చూస్తోంది? స్టేజ్-4, ఆ తర్వాతి పెట్రోలు కారుకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నిలిపి ఉంచిన ఇంజనులో మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఇంజను వేగం నిమిషానికి సుమారు 2,500 చుట్లకు పెంచి మోనాక్సైడ్ 0.2 శాతం దాటలేదని, గాలి పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉన్నాయని చూడాలి. నిబంధన చెడ్డదని నేననను. ఇంజను బాగా వేడెక్కాక, పైపు పూర్తిగా లోపలికి పెట్టి, రెండు వేగాల్లోనూ నిజాయితీగా కొలిస్తే పూర్తిగా చచ్చిన కన్వర్టర్ ఇందులోనూ పట్టుబడవచ్చు. సగం చచ్చింది మాత్రం పట్టుబడదు. నిలిపి ఉంచిన ఇంజను నుంచి వచ్చే పొగ పరిమాణం చాలా తక్కువ, ఆ కొద్దిపాటి పొగను సగం ప్రాణంతో ఉన్న తేనెపట్టు కూడా శుభ్రం చేసేయగలదు. అదే కారు నలుగురిని ఎక్కించుకుని లాలాపేట్ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు దాని చేతకానితనం బయటపడుతుంది. అక్కడ కొలిచేవాళ్లెవరూ ఉండరు. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. పెట్రోలు కారు పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. రోడియం లాంటి అరుదైన లోహాన్ని ఏ విషం కోసం తెచ్చి పొదిగారో, ఆ విషాన్నే కొలవకుండా సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఢిల్లీలో ఈ సర్టిఫికెట్ల తీరును పరిశీలించిన కాగ్, పరిమితి దాటిన వాహనాలకు కూడా సర్టిఫికెట్లు ఇచ్చినట్టు 2025లో శాసనసభ ముందుకొచ్చిన నివేదికలో ఎత్తిచూపింది. ఢిల్లీకి పట్టిన జబ్బు మనకు పట్టలేదని చెప్పగల తనిఖీ మన దగ్గరా జరగాలి.

దీనికి మందు ఎక్కడో లేదు, కారులోనే ఉంది. 2013 ఏప్రిల్ నుంచి స్టేజ్-4 కార్లలో కన్వర్టర్ సామర్థ్యాన్ని తనంతట తాను గమనించుకునే వ్యవస్థ తప్పనిసరి అయింది. ఇందాక చెప్పిన కాపలాదారు సెన్సర్ పని అదే. అది పట్టుకున్న లోపాన్ని కంప్యూటర్ ఒక కోడ్‌గా రాసిపెట్టి, డాష్‌బోర్డు మీద పసుపు ఇంజను బొమ్మ వెలిగిస్తుంది. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే చాలు, పి0420 అన్న కోడ్ ఉంటే కన్వర్టర్ మీద అనుమానం ఉందని తెలుస్తుంది. మన గల్లీ మెకానిక్కుల దగ్గర కూడా ఇప్పుడు ఆ స్కానర్ ఉంది, పొల్యూషన్ బండిలో మాత్రం దాని అవసరమే లేకుండా పోయింది. పరీక్షకు ముందు కోడ్ చెరిపేసుకుని వస్తే ఏం చేస్తారని అడగవచ్చు. చెరిపేస్తే ఆ స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటికొచ్చి 'ఇంకా పూర్తికాలేదు' అని కంప్యూటర్ చెబుతుంది. అలా చెప్పిన కారును వారం నడిపి మళ్లీ రమ్మనాలి. అమెరికాలోని కాలిఫోర్నియా 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు ప్రధానంగా ఈ పద్ధతినే వాడుతోంది. మనకు కొత్త చట్టం అక్కర్లేదు. ఇప్పుడున్న నిబంధనలో ఒక వాక్యం, పొల్యూషన్ బండిలో ఒక స్కానర్ చాలు. సెన్సర్‌ను గొట్టం నుంచి దూరం జరిపి మోసగించే చిన్న తొడుగులు బజారులో దొరుకుతాయి. అందుకే స్కానర్‌తో పాటు అద్దం పెట్టి అడుగు భాగాన్ని ఒకసారి చూడటమూ పరీక్షలో భాగం కావాలి.

అనుమానం వచ్చాక మార్చడం ఎలాగన్నది వేరే ప్రశ్న, సాధారణంగా డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పి0420 కనబడగానే కన్వర్టర్ మార్చాలనడం జ్వరం చూడగానే ఆపరేషన్ అన్నట్టు. ముందు పొగగొట్టం ఎక్కడైనా లీకవుతోందా, సెన్సర్లు సరిగ్గా పలుకుతున్నాయా, ఇంజను మిస్సింగ్ ఉందా, ఆయిల్ తగ్గిపోతోందా చూడాలి. కారు పికప్ పూర్తిగా పడిపోతే గొట్టంలో వెనక్కి తన్నే ఒత్తిడిని గేజి పెట్టి కొలవాలి, ముద్దయిన తేనెపట్టు అక్కడ దొరికిపోతుంది. రబ్బరు సుత్తితో తడితే లోపల గలగలమంటే సిరామిక్ విరిగినట్టే. అసలు జబ్బు ఇంజనుదైతే దాన్ని ముందు నయం చేయాలి, లేదంటే కొత్త కన్వర్టర్ కూడా పాతదాని దారే పడుతుంది. ఆ తర్వాతే విప్పడం. కారు గంటల తరబడి చల్లారాలి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి. కారును ర్యాంపు మీదో, గట్టి స్టాండ్ల మీదో నిలపాలి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పట్టించి నానబెట్టాలి. సెన్సర్ల తీగలను విడదీసి, గాడి ఉన్న ప్రత్యేక పానాతో సెన్సర్లను విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టాలి. మన చిన్న కార్లలో చాలావాటికి కన్వర్టర్ త్వరగా వేడెక్కడం కోసం ఇంజను మ్యానిఫోల్డ్‌తో కలిసే వస్తుంది. అప్పుడు పని కింద నుంచి కాదు, బానెట్ తెరిచి వేడి రేకు తీసి పై నుంచి. కొత్తదాని మీద బాణం గుర్తు పొగ పోయే వైపు చూపాలి. పాత ప్యాకింగ్ మళ్లీ వాడకూడదు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, గొట్టం కుదురుగా కూర్చున్నాకే కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి. ఆపైన ఇంజను నడిపి లీకులు చూసి, కోడ్ చెరిపి, కొన్నాళ్లు నడిపి, కాపలాదారు సెన్సర్ నిదానించిందో లేదో మళ్లీ స్కానర్‌తో చూడాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ చివరి పరీక్షనే, కన్వర్టర్ మార్చిన ఫలితం ఉందో లేదో చెప్పేదీ ఇదే.

ఏది తెచ్చి బిగిస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. పైకి రేకు డొల్లలన్నీ ఒకేలా ఉంటాయి. లోపల లోహం ఎంత పూశారో కొనేవాడికీ బిగించేవాడికీ కంటికి తెలియదు. పలచగా పూసిన చౌక సరుకు కొన్ని నెలలు పసుపు దీపాన్ని ఆర్పి, తర్వాత చల్లగా చచ్చిపోతుంది. కాలిఫోర్నియాలో అలాంటి విడిభాగం అమ్మాలంటే రాష్ట్ర గాలి మండలి ఆమోద సంఖ్య దాని ఒంటి మీదే చెక్కి ఉండాలి. మన దగ్గర కూడా ఏ మోడలుకు ఏది పరీక్షకు నిలిచిందో చెప్పే గుర్తు సామాన్యుడికి కనబడేలా ఉండాలి. పాతది ఎటు పోతుందన్నది రెండో సంగతి. 2021లో రోడియం ధర ఔన్సుకు 29 వేల డాలర్లకు ఎగబాకింది, అప్పటి బంగారం ధరకు పదిహేను రెట్ల పైమాట. ఆ రోజుల్లో గుజరాత్, మహారాష్ట్రల్లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లు వరసగా దొంగలపాలయ్యాయి. దొంగలు తీసుకున్నది 'మట్టి' అని వాళ్లు పిలుచుకునే ఆ సిరామిక్ పొడినే. పాత కన్వర్టర్ తుక్కు కాదు, విలువైన ఖనిజం. ప్లాటినం జాతి లోహాలను మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటోంది. దక్షిణాఫ్రికా, రష్యా గనుల్లో టన్నుల రాయి పగలగొడితే వచ్చే గ్రాములు తార్నాక షెడ్లలో మూలన పడి, తూకానికి పోతున్నాయి. షెడ్డు బిల్లులో పాత కన్వర్టర్ బరువు, దాని విలువ తగ్గించి రాయడాన్ని తప్పనిసరి చేస్తే యజమానికి భారం తగ్గుతుంది, దొంగసరుకుకు దారి మూసుకుపోతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది డబ్బే. పదేళ్ల సెకండ్‌హ్యాండ్ కారుతో క్యాబ్ నడుపుకుని బతికేవాడికి వేల రూపాయల కన్వర్టర్ మార్చమనడం అన్యాయం కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. అయితే ఆ కారు పొగను ముందుగా పీల్చేది కూడా ఆ డ్రైవరు కుటుంబం ఉండే ఇరుకు వీధే, ఏసీ గదుల కాలనీ కాదు. భారం తగ్గించే మార్గాలున్నాయి. స్టేజ్-6 కారు ఉద్గార పరికరాలు 1,60,000 కిలోమీటర్ల మన్నికకు రుజువు చూపాలని నిబంధన ఉన్నప్పుడు, ఆ దూరంలోపు ఇంజను లోపం లేకుండా పాడైన కన్వర్టర్‌కు తయారీదారే బాధ్యత వహించాలి. అమెరికా చట్టం కన్వర్టర్‌కు ఎనిమిదేళ్లు లేదా 80 వేల మైళ్ల వారంటీని విడిగా రాసింది, మనమూ రాయగలం. తనిఖీలో దొరికినవారికి ఆ రోజే జరిమానా కాకుండా బాగుచేసుకోవడానికి మూడు నెలల గడువివ్వాలి. చాలామంది సమస్య ప్లగ్గు దగ్గరో సెన్సర్ దగ్గరో తీరిపోతుంది. మొదట్లోనే చూపించుకునేలా చేయడమే అసలు పొదుపు.

ఇంకో అభ్యంతరం మెకానిక్ షెడ్లలో వినబడేది: కన్వర్టర్ వల్ల మైలేజీ, పికప్ తగ్గుతాయి, లోపలిది గుల్ల చేసేస్తే బండి ఎగురుతుందని. ముద్దయిపోయిన కన్వర్టర్ విషయంలో ఈ మాట నిజం. ఆరోగ్యంగా ఉన్నదాని విషయంలో నగరంలో నడిపే చిన్న కారుకు ఆ తేడా లెక్కలోకి రానంత. గుల్ల చేసిన కారు ఆ రోజు నుంచి తొంభై పాళ్ల విషాన్ని ఇతరుల ముక్కుల్లోకి వదులుతుంది, వెనక సెన్సర్ లెక్క తప్పించడానికి ఇంకో మోసం వెతుక్కోవాల్సి వస్తుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం కూడా. చేయించినవారిని అడిగినట్టే చేసినవారినీ అడగాలి.

హైదరాబాద్ గాలిలో అసలు సమస్య దుమ్ము, కార్ల పొగ కాదని మరికొందరంటారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో హైదరాబాద్ ఉంది, అక్కడ ప్రధానంగా లెక్కపెట్టేది పీఎం-10 రేణువులనే. అందుకే డబ్బులు రోడ్లు ఊడ్చే యంత్రాలకు పోతున్నాయి. రోడ్లు ఊడ్వాల్సిందే. కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో ఊరుకోవు. ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌ను పుట్టిస్తాయి, అమ్మోనియాతో కలిసి చీపురుకు అందని సన్నటి నైట్రేట్ రేణువులవుతాయి. దుమ్ము గొంతులో ఆగితే ఇవి ఊపిరితిత్తుల అడుక్కి దిగుతాయి. మోటారు సైకిళ్లు, డీజిల్ బస్సుల వాటా ఎక్కువ కదా అన్న ప్రశ్నకూ జవాబు ఇదే దిక్కున ఉంది. స్టేజ్-6 బైకుల్లోనూ కన్వర్టర్, స్వీయ పరీక్ష ఉన్నాయి, డీజిల్ బండ్లకు వాటి వడపోతలున్నాయి. స్కానర్ పెట్టే అలవాటు కారుతో మొదలైతే వాటికి పాకడం కష్టం కాదు. రేపటికల్లా అన్నీ ఎలక్ట్రిక్ అవుతాయి కదా అంటే, తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను మినహాయించిన తర్వాత కూడా షోరూముల నుంచి పెట్రోలు కార్లు వస్తూనే ఉన్నాయి. సొంత కారుకు పదిహేనేళ్లదాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. ఇవాళ కొన్న కారు కన్వర్టర్‌ను ప్రభుత్వం తరఫున ఎవరైనా సూటిగా చూడటానికి పదిహేనేళ్లు గడవాలి.

ఆరంభం ఎక్కడంటే నేను తార్నాక పేరే చెబుతాను. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు, ఐఐసీటీ ఉత్ప్రేరక శాస్త్రవేత్తలు, రవాణా శాఖ కలిసి ఒక మూడు నెలలు క్యాంపస్ ద్వారాల దగ్గర, లాలాపేట్ రోడ్డు మీద ఒప్పుకున్నవాళ్ల కార్లకు ఉచితంగా స్కానర్ పెట్టి చూడాలి. జరిమానా లేకుండా, నంబరు రాసుకోకుండా. సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్న ఎన్ని కార్లలో పసుపు దీపం వెలుగుతోందో, ఎన్నింటిలో వెనక సెన్సర్ ముందుదానితో పాటే ఎగురుతోందో, ఎన్నింటి అడుగున తేనెపట్టు ఉండాల్సిన చోట ఉత్త గొట్టం ఉందో లెక్క తీసి పత్రికల ముందు పెట్టాలి. విప్పిన పాత కన్వర్టర్లు కొన్నింటిని ప్రయోగశాలకు పంపితే ఏ గండంతో చచ్చాయో, సీరియా ఎంత అలిసిపోయిందో, ఫాస్ఫరస్ పొర ఎంత మందాన పేరుకుందో అక్కడివాళ్లు చెప్పగలరు. దానికి కావలసిన పరికరాలు, మనుషులు ఆ ప్రహరీ లోపలే ఉన్నారు.